గునుగు పూసిన గుట్ట

శరదృతువు ఫోటోలని ఫోన్‌లో వెతికితే ఎర్రటి చెట్లు, రాలిన ఆకులతో నిండిన బాటలు వస్తాయి. చూడటానికి బాగానే ఉంటాయి కానీ అవి మన చెట్లు కావు. మా కరీంనగర్ దిక్కు ఆశ్వయుజం వచ్చిందని చెట్లను చూసి చెప్పలేం, చెలకల గట్లు చూసి చెప్పాలి. గట్ల మీద తంగేడు విరగబూస్తుంది. చేను అంచుల్లో గునుగు తెల్లటి కంకులు ఎత్తుతుంది, కంకి కొసన లేత గులాబీ రంగు ఉంటుంది. గడ్డిలో ఓపికగా వెతికితే నీలం రంగు కట్లపూలు దొరుకుతాయి. ఇంకా పైకి, ఆదిలాబాద్ వైపు పోతే, సోయా చేన్లు పసుపు రంగుకు తిరిగి ఆకు రాలుస్తుంటాయి. ఆకు రాలే కాలం చూడాలని ముచ్చటపడేవాళ్లకు ఆ చేన్లు చాలు. విమానం ఎక్కాల్సిన పని లేదు.

నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. నల్లబల్ల మీద పువ్వు బొమ్మ గీసి గీసి విసుగొచ్చి, ఒక దసరాకు కెమెరా కొనుక్కున్నాను. అది నెల తిరగకుండా మూలపడ్డ కుట్టు మిషన్ పక్కన చేరుతుందని మా ఆయన జోస్యం చెప్పారు. చేరలేదు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీద ఉంటాను. నాకు ఓపిక తక్కువని బడిలో పిల్లల నుంచి హెడ్మాస్టర్ దాకా అందరికీ తెలుసు. కానీ నీటికాకి బండ మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటుంటే మాత్రం కాళ్లు తిమ్మిరెక్కేదాకా కదలకుండా నిలబడతాను. ఆ ఓపిక కొంచెం ఇంట్లో కూడా చూపించొచ్చు కదా అని మా ఆయన అంటుంటారు. ఇంట్లో నీటికాకులు లేవని నేను జవాబు చెప్తాను.

అయితే నేను గర్వంగా చూపించుకునే ఫోటోలు మానేరువి కావు. అవి ఆదిలాబాద్‌లో మా వదిన ఊళ్లో తీసినవి. వదిన అంటే మా ఆయన అక్క. ఆమె అత్తగారి ఊరు ఒక గుట్ట కింద ఉంటుంది. ఊరికీ గుట్టకూ నడుమ చెరువు. గుట్ట పెద్దదేం కాదు, కానీ అంతా రాళ్లు. దున్నడానికి వీలు కాదు కాబట్టి దాని మీద ఎవరూ మందు కొట్టరు. అక్కడి చేన్లలో కలుపు మందులకు గునుగు పోయింది. ఆ గుట్ట వాలు మీద మాత్రం ఎవరూ విత్తకుండానే ఏటా పూస్తుంది.

దసరా సెలవులు ఇవ్వగానే మేము అక్కడికి పోవడం ఏళ్లుగా అలవాటు. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డను పుట్టింటికి తోలుకురావాలి కదా. తమ్ముడు, అంటే మా ఆయన, కారు వేసుకొని పోతాడు. ఒకట్రెండు రోజులుండి అక్కనూ, గుట్ట మీద కోసిన గునుగు మోపులనూ కరీంనగర్‌కు తెస్తాడు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మా వాడలో అందరికంటే ఎత్తు బతుకమ్మ వదినదే. బజారులో అమ్మే గునుగును ఆమె ముట్టదు. అది ఎవరు కోశారో, ఎన్నడు కోశారో తెలియదట. ఆ ఒకట్రెండు రోజులూ గుట్ట మీద మా ఇద్దరికీ జగడమే. నేను ఒక కంకిని చూసుకొని, వెలుతురు చూసుకొని, గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకొని ఉంటాను. సరిగ్గా అప్పుడే వదిన చెయ్యి ఫోటోలోకి వచ్చి ఆ కంకిని తుంచుకొని పోతుంది. నా దగ్గర పువ్వుల ఫోటోల కంటే వదిన గాజుల ఫోటోలే ఎక్కువ ఉన్నాయేమో.

ఈ ఎండాకాలం వదినకు మోకాలి ఆపరేషన్ అయింది. కరీంనగర్‌లోనే చేయించి, వానలు పడేదాకా మా ఇంట్లోనే ఉంచుకున్నాం. నాతో పాటు ఆమె కూడా డ్యాం కట్ట మీద నడవడం మొదలుపెట్టింది. నేను పిట్ట కోసం ఆగినప్పుడల్లా ఆమెకు దమ్ము తీసుకునే వీలు దొరికేది. కొన్నాళ్లకు ఆమే పిట్టలను ముందు చూసి నన్ను పిలవసాగింది. లకుముకి పిట్ట తీగ మీద కూర్చుంటే, నేను కెమెరా మూత తీసేలోపు నాలుగు సార్లు చెప్పేది. బాగా కోలుకున్నదని సంతోషంగా ఊరికి పంపించాం.

ఊరికి పోయాక, వాకిట్లో పాకురు మీద కాలు జారి కూలబడింది. ఎక్స్‌రే తీస్తే ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె నడిచి ఇంటి గేటు దాటలేదు. ఫోన్ చేస్తే నొప్పి అనేది. డాక్టర్ మాత్రం ఎముక బాగుందని, ఇట్లా కుర్చీలోనే కూర్చుంటే మోకాలు బిగుసుకుపోయి ఆపరేషన్ చేసి లాభం లేకుండా పోతుందని గట్టిగా చెప్పారు. చలికాలం లోపల నడకలో పడాలి, లేకపోతే ఇక కష్టమేనన్నారు. వదిన విన్నది, తల ఊపింది, మళ్లీ పోయి కుర్చీలో కూర్చుంది. బతుకమ్మకు కూడా రానన్నది. ఈసారి మీరే కానియ్యండి అని తమ్ముడితో చెప్పింది. నాకు కోపం వచ్చింది. దిగులు వచ్చినా నాకు కోపం లాగే వస్తుంది, అదొక రోగం.

సెలవులు ఇచ్చిన మర్నాడే నేనూ మా ఆయనా బయల్దేరాం. వస్తామని చెప్పకుండా పోయాం. చెప్తే వద్దనేది. వదిన అరుగు మీద కుర్చీలో కూర్చుని, గోరుచిక్కుడు తుంచుతూ ఉంది. మమ్మల్ని చూసి ముఖం వెలిగింది, వెంటనే ఎందుకొచ్చారన్నట్టు ముడుచుకుంది. అయినా లేచి వంటింట్లోకి పోయి, నిలబడి జొన్న రొట్టెలు చేసింది, శనగపిండితో పిట్ల వండింది. పొయ్యి దగ్గర అంతసేపు నిలబడగలిగిన మనిషి గేటు దాకా ఎందుకు పోలేదో నాకు అర్థం కాలేదు. సాయంత్రం చెరువు కట్ట దాకా పోదాం రమ్మన్నాను. బురద అన్నది. బురద లేదంటే కుక్కలున్నాయన్నది. కుక్కలను నేను చూసుకుంటానంటే, సీరియల్ వచ్చే టైం అయిందన్నది. వదిన భర్తను నేను అన్నా అని పిలుస్తాను. ఆయన నా వైపు చూసి చేతులు తిప్పాడు. నెలల నుంచి ఇదే వింటున్నాడు పాపం.

మర్నాడు పొద్దున్నే కెమెరా తీసుకొని ఒక్కదాన్నే పోయాను. చెరువు మత్తడి దాకా నిండి ఉంది. నీళ్ల మీద పలచగా మంచు, అందులో ఒక కొంగ నిలబడిందో నడుస్తున్నదో తెలియడం లేదు. కట్ట మీది గడ్డి మధ్య సాలెగూళ్లన్నీ నీటి బొట్లతో బరువెక్కి కిందికి సాగి ఉన్నాయి. మామూలు రోజుల్లో అన్ని గూళ్లు అక్కడున్నాయని ఎవరికీ తెలియదు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ తర్వాత పూర్తిగా పడుకొని తీశాను. లేచేసరికి చీర ముందు భాగమంతా గడ్డి ముళ్లే.

చెరువు దాటాక టేకు చెట్లు. ఆ నెలలో టేకు ఆకులను పురుగు తింటుంది. ఈనెలను వదిలేసి నడుమ పచ్చదనమంతా తింటుంది కాబట్టి ఆకు జల్లెడ లాగా అవుతుంది. ఎండ అందులోంచి పడితే కింద నేల మీద కూడా జల్లెడే. పిల్లలకు ఆకు ఈనెల గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి ఫోటో దొరకదని ఓ పది తీసుకున్నాను. సీతాఫలం పొదల్లో కాయలు కళ్లు విచ్చి ఉన్నాయి. ఒకటి కోసుకొని, దారిలోనే తిని, చెయ్యి చీరకు తుడుచుకున్నాను.

టేకు చెట్ల అవతల గుట్ట వాలు కనిపించింది. నేను చూసిన ఏ ఏడూ అంత గునుగు పూయలేదు. కింది వాలంతా తెలుపే. సూర్యుడు అప్పుడే గుట్ట అంచు మీదికి రావడంతో, ఎండ పైనుంచి ఏటవాలుగా కంకుల వెనక పడుతోంది. ఒక్కో కంకి చుట్టూ సన్నటి వెండి అంచు. తేనెటీగలు అప్పుడే లేచినట్టున్నాయి, వాటి చప్పుడు తప్ప ఇంకేం లేదు. గాలి వచ్చినప్పుడు వాలంతా ఒకవైపు వంగుతోంది, గాలి ఆగగానే నిలబడుతోంది. నిలబడినప్పుడు తీయాలి. చాలాసేపు తీశాను. పువ్వులను తీసేటప్పుడు నాకు పువ్వు తప్ప ఇంకోటి గుర్తుండదు. ఆ రోజు మాత్రం ఇది చూపిస్తే వదిన లేస్తుందా లేవదా అని ఆలోచిస్తూనే తీశాను. చెరువు, వాలు, మీద ఆకాశం, మూడూ వచ్చేటట్టు వెనక్కి జరిగి జరిగి ఒకటి తీశాను. ఆమెకు చూపించాల్సింది అదేనని అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చి, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి వదిన చేతిలో పెట్టాను. ఆమె మొదట దూరంగా పట్టుకొని చూసింది, తర్వాత వేళ్లతో పెద్దగా చేసి మూల మూలా వెతికింది. గీసారి గింత పూసిందా అని తనలో తనే అనుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను వేరే దిక్కు చూశాను, ఎందుకంటే నాకు కూడా అదే పని పడేటట్టు ఉంది.

"రేపు కట్టదాక వస్త," అన్నది చివరికి. "గుట్ట మాత్రం ఎక్క. నన్ను బలిమి చెయ్యద్దు."

బలిమి చేయనని మాటిచ్చాను. నాకు కట్ట దాకా వస్తే చాలు. ఆ ఫోటో తన ఫోన్‌కు పంపమంటే పంపాను. ఆ సాయంత్రమంతా వదిన ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. ఆమె చూసుకొని నవ్వుకుంటూ, వేళ్లతో మెల్లగా జవాబులు కొడుతూ ఉంది. చాలా రోజుల తర్వాత అంత హుషారుగా ఉన్నదని అన్న సంబరపడ్డాడు. చుట్టాలతో మాట్లాడుతున్నదేమో అనుకొని నేను పట్టించుకోలేదు.

తెల్లవారి వదినా నేనూ బయల్దేరాం. సీతాఫలాలు దొరికితే తెద్దామని నేను ఒక సంచి పట్టుకున్నాను. గేటు దగ్గర వదిన ఆగింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా చెయ్యి కందిపోయింది, అయినా ఏమీ అనలేదు. మొదటి పది అడుగులూ నేల మీదే చూపు. కట్ట ఎక్కాక కొంచెం తల ఎత్తింది. మధ్యలో తూము గోడ మీద కూర్చోబెట్టాను. తామరాకుల మీద చిన్న పిట్ట ఒకటి తేలికగా నడుచుకుంటూ పోతుంటే, దాని కాళ్లెంత పొడుగున్నాయో చూడమని నాకే చూపించింది. ఇక తిరిగి పోదామా అని అడిగాను. ఇంత దూరం వచ్చి కింది నుంచైనా గునుగు చూడకుండా ఎట్లా పోతామన్నది. నేను లోపల ఎగిరి గంతేశాను, బయటికి మాత్రం సరే అన్నాను.

టేకు చెట్ల మలుపు తిరిగాం. నేను నిలబడిపోయాను. ఒక్క క్షణం వేరే గుట్ట దగ్గరికి వచ్చామేమో అనిపించింది. కింది వాలంతా బోడిగా ఉంది. తెల్లటి కంకి ఒక్కటి లేదు, మొదళ్లు మాత్రం పుల్లల్లాగా నిలబడి ఉన్నాయి. గుట్ట కింద రెండు ట్రాలీ ఆటోలు, వాటి నిండా గునుగు మోపులు. చుట్టూ పక్క ఊళ్ల ఆడవాళ్లు, నడుములకు కొంగులు చుట్టి, నవ్వుకుంటూ చివరి మోపులు కడుతున్నారు. ఎల్లుండి సద్దుల బతుకమ్మ మరి.

వదిన ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఈ గుట్ట దిక్కు చూడని వాళ్లకు ఇక్కడ గునుగుందని ఎవరు చెప్పారని గట్టిగా అడిగింది. మోపు కడుతున్న ఒకామె తలెత్తి చూసి, సంతోషంగా దగ్గరికి వచ్చింది. వదినతో పాటు మండల మహిళా సంఘంలో ఉండే మనిషే.

"నువ్వే గదక్కా, రాత్రి స్టేటస్ల పెట్టినవ్," అన్నది. "మా గుట్ట మీద గునుగు చూడుండ్రి అని రాస్తివి. మా సంఘపోళ్లందరం చూసినం. మంచిగ చెప్పినవ్ తీయి, బజార్ల కొనే తిప్పలు తప్పింది."

వదిన నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. బతుకమ్మకు మూడు రోజుల ముందు పూసిన గునుగు ఫోటో స్టేటస్‌లో పెట్టడం, అదీ మా గుట్ట అని రాసి మరీ, మా దిక్కు ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పని. నవ్వు ఆపుకోవడానికి నేను కెమెరా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను. ఆ మనిషి మాత్రం మర్యాదగా ఒక మోపు తెచ్చి వదిన ముందు పెట్టింది. వద్దన్నది వదిన. ఒకరు కోసిన గునుగుతో బతుకమ్మ పేర్చే గతి నాకు పట్టలేదని అనలేదు కానీ ముఖంలో అదే ఉంది.

అప్పుడామె తలెత్తి గుట్ట పైకి చూసింది. నడుమ ఒక బండల వరుస ఉంది. దాని మీద, పైవాలులో, తెల్లగా ఒక పట్టీ మిగిలి ఉంది. ఆటోలు నిండాయి కాబట్టి అంత పైకి ఎవరూ పోలేదు. వదిన కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. సంచి నా చేతిలోంచి లాక్కొని భుజాన వేసుకుంది. నేను నోరు తెరిచాను. ఏమన్నా అంటే ఆగిపోతుందేమోనని మళ్లీ మూసుకున్నాను.

పశువులు నడిచి నడిచి పడిన సన్నటి బాట ఒకటి బండల పక్కగా పైకి పోతుంది. ఆ బాట పట్టింది. కర్ర ఒక చేతిలో, ఇంకో చేత్తో సీతాఫలం కొమ్మలు పట్టుకుంటూ ఎక్కింది. ఎక్కినంతసేపూ తిట్టింది. ఏ ఊరి ఆమె ఎట్లాంటిదో, ఎవరు సంఘం మీటింగుకు ఎన్నడూ టైముకు రారో, కోసేటప్పుడు మొదలంటా కోయకూడదని కూడా తెలియని వాళ్లకు పండుగ ఎందుకో, ఒక్కొక్కరి పేరు పెట్టి తిట్టింది. నేను వెనకాలే, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచుకొని, ఊఁ కొడుతూ ఎక్కాను. మెడలో కెమెరా ఊగుతున్న సంగతి కూడా తెలియలేదు. నేను బలిమి చేయనని మాటిచ్చాను కదా. బలిమి చేసింది ఆ మహిళా సంఘం.

పైకి చేరాం. అక్కడ గునుగు నడుము దాకా ఉంది. వదిన ఒక్క మాట లేకుండా కోయడం మొదలుపెట్టింది, మొదళ్లు వదిలి, మధ్యకు తుంచుతూ. అప్పుడు నాకు కెమెరా గుర్తొచ్చింది. ఎండ ఆమె వెనక నుంచి వస్తోంది. కంకుల అంచులూ ఆమె నెరిసిన జుట్టు అంచులూ ఒకే తీరుగా మెరిశాయి. గాలి ఆగేదాకా నేను ఆగలేదు. ఊగుతుంటేనే తీశాను.

సంచి నిండింది. వదిన నడుము నిటారు చేసి, వెనక్కి తిరిగింది. కింద చెరువు, దాని పక్కన ఆటోలు చిన్నగా, ఇంకా అవతల ఊరు, సోయా చేన్ల పసుపు. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది. ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కర్రను రెండు చేతులతో పట్టుకొని, తన కాళ్ల వైపు చూసుకుంది.

"భయమైతుందే పిల్లా," అన్నది మెల్లగా. "గిన్ని రోజులు నొప్పి నొప్పి అన్న గని, నొప్పి గాదే. పడుతనని భయం. ఎవ్వలకు చెప్పలే."

నెలల తరబడి డాక్టర్‌కు, భర్తకు, తమ్ముడికి చెప్పని మాట. నాకున్న ఓపికలేనితనంతో ఆమె మీద ఎన్ని సార్లు లోపల్లోపల కోపగించుకున్నానో గుర్తొచ్చి బాధేసింది. ఓదార్చడం నాకు రాదు. అందుకని టీచరునైపోయాను. దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు పెట్టాలని డాక్టర్ చెప్పింది గుర్తుందా అని అడిగాను. గుర్తుందన్నది. అయితే పెట్టు అన్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకొని, నేను ఒక అడుగు కింద నిలబడి, ఒక్కో అడుగూ చెప్తూ దిగాం. గునుగు సంచి నా నెత్తిన, కెమెరా మెడలో. కింద మహిళా సంఘం అంతా ఆటోలు ఆపుకొని మమ్మల్నే చూస్తోంది. మధ్యలో ఒకసారి రాయి జారింది. ఇద్దరం ఒకరినొకరం పట్టుకొని ఆగాం. వదిన నవ్వింది. దాంతో నాకూ నవ్వాగలేదు, నెత్తి మీది కంకులు కొన్ని రాలిపోయాయి.

కిందికి రాగానే ఆటోలో దింపుతామన్నారు. వద్దు, నడుస్తానన్నది వదిన. కట్ట మీద నా మోచెయ్యి పట్టుకోలేదు, కర్రతోనే నడిచింది. కారులో తనకూ గునుగుకూ జాగ ఉంచమని తమ్ముడికి చెప్పమన్నది. ఇల్లు కనిపించాక నా వైపు తిరిగి, రేపు కూడా ఇదే వేళకు లేపమన్నది. గుట్ట మీద మిగిలిందంతా నా నెత్తి మీదే ఉంది వదినా, ఇక రేపు ఏం కోస్తావని అడిగాను.

"కోసుడేంది పిల్లా," అన్నది. "నడుసుడు."